రాయపట్నం వంతెన దాటితే... పెంతెకొస్తు!

ధర్మపురి అనగానే లక్ష్మీనరసింహస్వామి గుడి, ఎక్కడోగానీ కనిపించని యమధర్మరాజు ఆలయం, దక్షిణానికి తిరిగి పారే గోదావరి గుర్తొస్తాయి. శేషప్ప కవి నరసింహ శతకం సరేసరి. కానీ రాయపట్నం వంతెన మీదుగా నది దాటితే కథ మారుతుంది. లక్సెట్టిపేటలో రాతితో కట్టిన సీఎస్‌ఐ చర్చి, ఇంకా ముందుకెళితే మంచిర్యాలలో కేథలిక్ పీఠం. రోహిణి కార్తె ఎండలకు గోదావరి ఇసుకమేటల మధ్య చిక్కిపోయే రోజుల్లోనే ఈ చర్చిల్లో పెంతెకొస్తు పండుగ వస్తుంది.

క్రిస్మస్ ఊరందరికీ తెలుసు. పెంతెకొస్తుకు కేకులూ నక్షత్రాలూ ఉండవు కాబట్టి బయటివాళ్లు పట్టించుకోరు. ఈస్టర్‌తో కలిపి లెక్కిస్తే యాభయ్యో రోజు ఇది. ఎప్పుడూ ఆదివారమే, మే 10కీ జూన్ 13కీ మధ్య. యెరూషలేములో శిష్యులంతా ఒకచోట చేరి ఉండగా పెనుగాలి లాంటి శబ్దం వచ్చిందనీ, అగ్నిజ్వాలల వంటి నాలుకలు వాళ్లమీద వాలాయనీ బైబిలు చెబుతుంది. తర్వాత వాళ్లు మాట్లాడుతుంటే దేశదేశాల జనం ఎవరి భాషలో వాళ్లు విన్నారట! ఆ రోజే దాదాపు మూడువేల మంది బాప్తిస్మం పొందారు. సంఘం పుట్టినరోజు అదేనంటారు క్రైస్తవులు.

తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి, కొలామీ వినిపించే ఆదిలాబాద్ గడ్డకు ఇంతకంటే తగిన పండుగ ఏముంటుంది? 1962లో చాందా కేంద్రంగా సిరో మలబార్ కేథలిక్ సేవ మొదలైంది. 1999 జూన్ 23న ఆదిలాబాద్ విడిగా మేత్రాసనమైంది. కేరళ నుంచి వచ్చిన గురువులకు మాత్రం పెంతెకొస్తు అద్భుతం జరగలేదు. అందరిలాగే తెలుగు అక్షరాలు దిద్దుకోవాల్సి వచ్చింది!

అంతకు చాలా ముందే వెస్లియన్ మెథడిస్టులు ఈ ప్రాంతాలకొచ్చారు. మెదక్‌లో పాస్నెట్ దొర కరవు రోజుల్లో పని కల్పించి కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకొంది. అన్నం పెట్టి మతం ఇచ్చారన్న మాట అప్పటినుంచీ ఉన్నదే. అయితే చర్చిలో అడుగుపెట్టిన వాళ్లలో ఎక్కువమంది, గుడి గడప దాటనివ్వని మాలమాదిగలే అన్నదీ మరిచిపోకూడదు. దానికి వాళ్లు చెల్లించిన మూల్యమూ తక్కువేం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. ఇక్కడ వాళ్లు బీసీ-సి.

విశ్వాసాన్ని నలుగురికీ చెప్పుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణలో ఉంది. ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు మాత్రం అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో తేల్చింది. చెప్పడానికీ మార్చడానికీ మధ్య ఉన్న ఆ గీత దగ్గరే ఇప్పటికీ వాదన ఆగడం లేదు.

ధర్మపురి వెళ్లేవాళ్లు దర్శనం అయ్యాక అదే రోడ్డున లక్సెట్టిపేట చర్చినీ చూసి రావచ్చు. పెంతెకొస్తు రోజుల్లో అయితే ఎండ ముదరకముందే బయల్దేరడం మంచిది.