ఉక్కు ఊరు, అడవి వేరు

హౌరా–ముంబయి రైలుమార్గంలో రాయపూర్ దాటిన కొద్దిసేపటికే ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు ప్రయాణికునికి కనిపిస్తాయి. అదే భిలాయి. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వరిపొలాల నడుమ వెలసిన నగరం. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. బ్రతుకుతెరువు వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచీ జనం తరలివచ్చారు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగువారూ ఎందరో. అంకెల పేర్లున్న సెక్టార్లలో, బారులు తీరిన చెట్ల నీడన, వారి మనుమలు పెరుగుతున్నారు.

కర్మాగారానికి ఇనుపరాయి దక్షిణాన ఉన్న దల్లీ–రాజహరా కొండల నుంచి వచ్చింది. ఆ దిక్కునే ఉన్న అడవుల నుంచి మరొక సరుకు కూడా సంతలకు దిగుతుంది: ఇప్పపువ్వు, కరక్కాయ, ఉసిరి, రకరకాల వేళ్లు. కాయనో పువ్వునో ఏరుకుంటే చెట్టుకు హాని లేదు. వేరు త్రవ్వితే మొక్కే మిగలదు. ఔషధ వృక్షాల చరిత్రలోని విషాదమంతా ఈ చిన్న సత్యంలోనే ఉంది.

సర్పగంధి ఇందుకు సాక్ష్యం. దీని వేరుకు రక్తపోటును తగ్గించే గుణమున్నదని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో వివరించారు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరు నుంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. ప్రపంచం కళ్లు భారతదేశపు అడవులపై పడ్డాయి, గునపాలు కదిలాయి. చివరకు 1990లో ఈ మొక్క అంతర్జాతీయ వ్యాపారంపై నియంత్రణ విధించవలసివచ్చింది.

అడవిలో తరిగిపోయే మొక్కను పొలంలో పెంచితే సరిపోదా? అనుకున్నంత సులభం కాదు. సర్పగంధి విత్తనాల్లో మొలకెత్తేవి తక్కువ. మొలిచినా, వేరు పక్వానికి రావడానికి సుమారు ఏడాదిన్నర పడుతుంది. పైగా అడవి మొక్కలన్నింటిలోనూ మందు పాలు ఒకే విధంగా ఉండదు. ఒక వేరులో అది తక్కువైతే రోగికి ఫలితం లేదు. మరొక దానిలో ఎక్కువైతే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుకే శాస్త్రజ్ఞులు మంచి మొక్కలను ఏరి, వాటి సంతతిని మళ్లీ పరీక్షించి, నమ్మదగిన వంగడాన్ని తయారుచేస్తారు. ఇండోర్ వ్యవసాయ కళాశాలలో రూపొందిన 'ఆర్.ఎస్.–1' అలాంటిదే. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ ఈ కృషికి పెద్ద కేంద్రం. భిలాయి కొలిమి వెలిగిన 1959లోనే ఆ సంస్థా పుట్టింది.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రమైంది. మరుసటి ఏడే తనను 'ఓషధుల రాష్ట్రం'గా ప్రకటించుకున్నది. ఆ రోజుల్లో రైతులను ఊరించిన పంట సఫేద్ ముస్లీ. తొలకరిలో నాటితే, చలికాలంలో తెల్లని దుంపలు చేతికి వస్తాయి. నాటే దుంపకు మొదలులోని మొగ్గ అంటుకొని ఉండాలి, లేకుంటే మొలవదు. కనుక నాటు దుంపలకు గిరాకీ పెరిగింది. అయితే మందుల కంపెనీలు కొనే సరుకు వేరు, రైతు రైతుకు అమ్ముకొనే విత్తనం వేరు. అందరూ నాటేవారే అయ్యేసరికి ధర పడిపోయింది. ఆలస్యంగా దిగినవారు నష్టపోయారు. మొక్కను మచ్చిక చేసినంత మాత్రాన అంగడి మచ్చిక కాదని ఆ అనుభవం నేర్పింది.

భిలాయి పట్టాల మీద రైళ్లు నిర్భయంగా పరుగెత్తుతున్నాయంటే, కరిగిన ప్రతి విడత ఉక్కునూ అక్కడ పరీక్షించడమే కారణం. వేరుకూ అంతటి పరీక్షే కావాలి. అయితే ఒక భేదముంది. త్రవ్విన ఇనుపరాయి తిరిగి పుట్టదు. విత్తనం మాత్రం పదింతలవుతుంది. ఆ విత్తనానికి పుట్టిల్లు అడవే. రేపు పొలంలోని వంగడానికి తెగులు సోకితే, దానిని తట్టుకొనే గుణం కోసం మనిషి మళ్లీ అడవి గుమ్మంలోనే నిలబడాలి. అప్పటికి అక్కడ నాలుగు మొక్కలైనా మిగిలి ఉండాలి.