గురి తప్పిన దెబ్బకో పేరు

స్కాట్లండువారి పలుకుబడిలో "స్క్లాఫ్" అనే మాట ఒకటి ఉంది. గోల్ఫు ఆటలో కర్ర బంతికి తగలకముందే నేలను గీరుకుంటే ఆ దెబ్బను అలా అంటారు. అరచేత్తో ఛెళ్ళున కొట్టినా, కాళ్ళీడ్చుకుంటూ నడిచినా వారికి స్క్లాఫే. మాటలోనే చప్పుడుంది, చూశారా! మన "ఛెళ్ళు"కూ "ధబ్బు"కూ అది చుట్టం కాకపోయినా, వరస మాత్రం కలుస్తుంది.

ఈ మాట అర్థం నాకు గోదావరి లంకల్లో కళ్ళకు కట్టింది. ధవళేశ్వరం బారేజి దాటి, బొబ్బర్లంక నుంచి కాలవగట్టు పట్టుకుని నడుస్తున్నాను. కోతలైపోయిన చేలో పిల్లలు బిళ్ళంగోడు ఆడుతున్నారు. ఈ ఆటనే కొందరు గూటీబిళ్ళ అనీ, తెలంగాణాలో చిర్రగోనె అనీ అంటారు. బిళ్ళ మొన మీద గోడుతో తట్టి, అది ఎగరగానే గాలిలోనే బలంగా కొట్టాలి. ఒక కుర్రవాడు హుషారుగా గోడెత్తాడు. మొన తప్పింది. గోడు ధబ్బున నేలను తాకింది; మట్టి లేచింది; బిళ్ళ మాత్రం ఒక్క దొర్లు దొర్లి ఆగింది.

"మట్టిని కొట్టావురోయ్!" అని గోలపెట్టారు తోటివాళ్ళు. దొరల ఆటలో స్క్లాఫంటే అచ్చం ఇదే!

గోల్ఫు పెరిగిందీ ఇసుక నేలల్లోనే. సముద్రతీరాన గడ్డి మొలిచిన ఇసుక మిట్టలను వారు "లింక్స్" అంటారు. మన లంకతో దానికి చుట్టరికం కలపాలని మనసు పీకుతుంది గాని, ఆ మాటకు మూలం మిట్ట అనే అర్థంగల పాత ఇంగ్లీషు పదం. జనం విలువిద్య మానేస్తున్నారని 1457లో స్కాట్లండు పార్లమెంటు గోల్ఫును నిషేధించింది. అయినా ఆట ఆగలేదు. 1829 నాటికి కలకత్తాలోనే గోల్ఫు క్లబ్బు వెలిసింది. ఆటతోబాటు దాని మాటలూ ఓడలెక్కాయి. స్కాట్లండు మాటలకు జాన్ జేమిసన్ 1808లోనే నిఘంటువు కూర్చాడు. 1931 నుంచి 1976 దాకా మరో నిఘంటువు పది సంపుటాలుగా వచ్చింది.

మనకూ నిఘంటువులు లేకపోలేదు. పిఠాపురం రాజావారి పోషణలో వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వెలువడింది. అది గ్రంథాల్లోని పదాలకు కొలువు. రైతుల నోటి మాటలను భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో మాండలిక వృత్తి పదకోశంలోకి ఎక్కించారు. మరి పిల్లల నోటి మాటలో? కావ్యాలకు అవి అక్కరలేదు, పొలం పనికీ అక్కరలేదు. ఆట ఉన్నన్నాళ్ళే వాటి ఆయుష్షు. ఇప్పుడు ఏ వీధిలో చూసినా క్రికెట్టే. గోడు అటకెక్కితే దాని మాటలూ అటకెక్కినట్టే.

మీ ఇంట్లో తాతగారుంటే ఈ ఆదివారం అడిగి చూడండి: చిన్నప్పుడు మీ ఊళ్ళో ఏ పేరుతో ఆడేవారు, దెబ్బ తప్పినవాణ్ణి ఏమని వెక్కిరించేవారు అని. ఆయన నవ్వుతూ చెప్పే మాటను ఊరి పేరుతో సహా ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి. రేపు నిఘంటువు కూర్చే పండితుడికి అదే ఆధారం కావచ్చు.