గొంతు మారలేదురా

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు చదువు గురించో, లక్ష్యం గురించో రాద్దామనుకున్నాం. కాగితం ముందు కూర్చుంటే ఒక పాట తప్ప ఏదీ గుర్తుకు రావడం లేదు. మేము అంటే అన్నదమ్ములిద్దరం. నరసరావుపేటలో, ఈ హాస్టల్లోనే, ఒకే రూములో ఉంటాం. పెద్దవాడు ఎమ్మెస్సీ ఫిజిక్స్, మా ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ. చిన్నవాడు ఇంకా డిగ్రీ చదువుతున్నాడు.

మా నాన్న గురజాల వైపు ఒక మైక్ సెట్టు షాపులో పనిచేసేవాడు. పెళ్ళికీ, చావుకీ, ఎలక్షన్లకీ హారన్లు సైకిలుకు కట్టుకుని వెళ్ళడం, వేపచెట్టెక్కి వాటిని బిగించడం, తెల్లవార్లూ ఆంప్లిఫయరు పక్కన కూర్చోవడం, ఇదీ ఆయన పని. 1999లో ‘తమ్ముడు’ క్యాసెట్ వచ్చినప్పుడు పెళ్ళిపందిట్లో దాన్నే మళ్ళీ మళ్ళీ వెయ్యమనేవాళ్ళట. నాన్నకు ఆ సంగీత దర్శకుడు రమణ గోగుల అంటే ప్రాణం. ఆయన ‘మిస్టీ రిదమ్స్’ బ్యాండుతో పాప్ పాటలు చేసి, 1998లో వెంకటేష్ ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమాల్లోకి వచ్చారు. 2000లో ‘బద్రి’, 2003లో ‘జానీ’. గిటారూ, ఇంగ్లీషు ముక్కలూ, కొంచెం బొంగురు గొంతూ. “హారనుకి బేసు ఉండదురా, ఆయన పాటలో సగం దాన్లోంచి బయటికి రాదు” అని నాన్న బాధపడేవాడు. అయినా సాయంత్రం మొదటి పాట ఆయనదే. 2013లో ‘1000 అబద్ధాలు’ తర్వాత ఆ పేరు పోస్టర్ల మీద కనపడలేదు. అమెరికాలో ఉద్యోగంలో ఉండిపోయారు.

ఆలోపు డీజే బాక్సులు వచ్చాయి. షాపు మూతపడింది. నాన్న పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనికి చేరాడు. ఇరవై ఏళ్ళు హారన్ల దగ్గర గడిపిన చెవులు మెల్లగా మూసుకుపోయాయి.

మా సబ్జెక్టు కాబట్టి ఒక్క మాట చెప్పనివ్వండి. పెద్ద శబ్దం లోపలి చెవిలోని సన్నని రోమకణాలను చంపేస్తుంది. అవి మళ్ళీ పుట్టవు. ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. స, త లాంటి అక్షరాలూ, ఆడవాళ్ళ మాటా, పిల్లల మాటా ముందు పోతాయి. బరువైన దరువు చాలాకాలం మిగులుతుంది. ఇది పుస్తకంలో చదివిన రోజు మా పెద్దవాడు అన్నం తినలేదు.

ఎందుకంటే అప్పటికే మేమొక తప్పు చేస్తున్నాం. ఫోన్లో “అన్నం తిన్నావా నాన్నా” అంటే “ఆదివారం వస్తా” అనేవాడు. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత వరండాలో నిలబడి అరిచి మాట్లాడటానికి సిగ్గేసింది. “సిగ్నల్ లేదు” అని పెట్టేసేవాళ్ళం. సిగ్నల్ నిండుగా ఉండేది.

2024 డిసెంబర్‌లో ‘గోదారి గట్టు’ పాట వచ్చింది. భీమ్స్ సంగీతం, భాస్కరభట్ల రచన. మధుప్రియతో కలిసి పాడిందెవరో మేము పట్టించుకోలేదు. 2025 సంక్రాంతికి ఆ సినిమా వచ్చాక హాస్టల్లో స్నానాల దగ్గర కూడా అదే పాట. పాడింది రమణ గోగుల. ఆల్బమ్ కాదు, ఒక్క పాట. మొదటి సినిమా లాగే ఇదీ వెంకటేష్‌కే.

ఫిబ్రవరి 26 శివరాత్రికి నాన్న కోటప్పకొండకు వచ్చాడు. ఎనభై అడుగుల ప్రభలు, వాటి నిండా లైట్లు, కింద డీజే బాక్సులు. మేము చెవులు మూసుకుంటుంటే ఆయన నేరుగా పోయి ఒక బాక్సు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. వెనక్కి లాగాం.

“చెవులు పోతాయి నాన్నా.”

“ఇంకేం పోతాయిరా.”

అప్పుడే ఆ పాట మొదలైంది. రెండు లైన్లు అయ్యాయో లేదో నాన్న మా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. “ఈయన మన ‘తమ్ముడు’ సినిమా ఆయన గదూ? గొంతు మారలేదురా! ఇన్నాళ్ళు ఎటుబొయ్యాడంట?”

చెప్పబోయాం. ఆ హోరులో మా మాట మాకే వినపడలేదు. అక్కడున్న వేలమందిలో ఎవరికీ ఎవరి మాటా వినపడటం లేదు. చిన్నవాడు చేత్తో విమానం ఎగిరిపోయినట్టు చూపించి, మళ్ళీ తెచ్చి నాన్న భుజం మీద దింపాడు. నాన్న అర్థమైందన్నట్టు తలూపి, పాట అయ్యేదాకా బాక్సు మీద చెయ్యి తియ్యలేదు.

చెవి మిషను కొనాలి. స్కాలర్‌షిప్ పడితే కొంత సర్దుబాటు అవుతుంది. ఈలోగా వరండాలో అరిచే మాట్లాడుతున్నాం. పక్క రూముల తమ్ముళ్ళు నిద్రపాడైందని తిట్టుకుంటున్నారు, వాళ్ళు క్షమించాలి. నిన్న రాత్రి కూడా “అన్నం తిన్నావా నాన్నా” అంటే “ఆదివారం వస్తా” అన్నాడు.

రమ్మన్నాం.