డాకర్‌లో బండివాడి దారి వెంట

జనవరి నెలలో డాకర్‌లో ఏడు గంటలైనా పూర్తిగా తెల్లవారదు. సముద్రం మీంచి వీచే గాలికి స్వెట్టర్ తొడుక్కోక తప్పలేదు. ఆఫ్రికా అనగానే నిప్పులు చెరిగే ఎండల్ని ఊహించుకునే మనవాళ్లు నవ్వుతారు గానీ, ఇది నిజం!

సెనెగల్ దేశపు రాజధాని ఇది. ఒక్కణ్ణే వచ్చాను. వెంట గైడు లేడు. ఫ్రెంచి అంతంతమాత్రం. ఇక్కడి వాళ్ల వొలోఫ్ భాషలో నాకు వచ్చిన ముక్కలు రెండే రెండు... 'నాంగా డెఫ్' అంటే ఎలా ఉన్నారని, 'జెరెజెఫ్' అంటే కృతజ్ఞతలని. ఆ మొదటి ముక్కతోనే సగం పనులు జరిగిపోతాయి. పలకరించకుండా బేరంలోకి దిగితే ఇక్కడ అమర్యాద కింద లెక్క.

ఇంతకీ పొద్దున్నే ఈ షికారు ఎందుకంటారా? ఒక సినిమా నడిచిన దారిని కాలినడకన చూద్దామని. 1963లో ఉస్మాన్ సెంబేన్ తీసిన 'బొరోమ్ సారెట్' ఆ చిత్రం. నిడివి ఇరవై నిమిషాలే. గుర్రపు బండి తోలుకుని బతికే ఓ పేదవాడి ఒక్క రోజు కథ. సెంబేన్ మామూలు మనిషి కాడు. చేపలు పట్టేవారి ఇంట పుట్టి, ఫ్రాన్సులో మార్సెయ్ రేవులో కూలిపని చేసి, నవలలు రాశాడు. తన నవలలు తనవాళ్లు చదవలేరని గ్రహించి, నలభయ్యో పడి గుమ్మంలో మాస్కో వెళ్లి సినిమా నేర్చుకొచ్చాడు! 2007లో కన్నుమూసేదాకా తీస్తూనే ఉన్నాడు.

నా నడక మెదీనా పేట నుంచి మొదలు. 1914లో ప్లేగు వచ్చినప్పుడు ఫ్రెంచి పాలకులు నల్లవాళ్లను ఊరి నడిబొడ్డు నుంచి ఖాళీ చేయించి ఇక్కడికి తరలించారు. దొరలు మిగిలిన చోటు పేరు ప్లాటో. సెంబేన్ కథంతా ఈ రెండు పేటల మధ్యే.

తిలేన్ మార్కెట్ దగ్గర తోపుడుబండి కనిపిస్తే ఆగాను. ముసలాయన తూబా కాఫీ అమ్ముతున్నాడు. కాఫీ గింజలతో పాటు 'జార్' అనే మిరియం లాంటి దినుసు వేసి దంచుతారు. పంచదార ముందే దండిగా పడుతుంది. ఘాటు ముక్కుదాకా ఎక్కుతుంది. మన శొంఠి కాఫీకి దూరపు చుట్టం అనుకోండి. పక్కనే ఓ అమ్మ పొడుగాటి రొట్టె చీల్చి, మసాలా దట్టించి ఉడికించిన గింజలు కూరి ఇచ్చింది. నోట్లో పెట్టుకుంటే... మన బొబ్బర్లే! అసలు బొబ్బర్ల పుట్టిల్లు ఆఫ్రికాయే కదా, వాటి పుట్టింట్లో విందు తిన్నట్టయింది.

కాఫీ పెద్దాయన ఏ దేశమని సైగ చేశాడు. చెప్పాను. ముఖం వెలిగిపోయింది. "మదర్ ఇండియా!" అంటూ ఓ బాణీ అందుకున్నాడు. మాటలు హిందీ కావు, వొలోఫూ కావు. బాణీ మాత్రం తప్పిపోలేదు. 1957 నాటి చిత్రం అది. ఒకప్పుడు ఈ ఊరి హాళ్లలో హిందీ చిత్రాలకు జనం విరగబడేవారు. 1990లు వచ్చేసరికి పేటల్లోని హాళ్లు చాలామట్టుకు మూతబడ్డాయి.

"నర్గిస్?" అని అడిగాడు, చెయ్యి గాలిలో తిప్పుతూ. ఉందా, లేదా అని! 1981లోనే పోయిందని ఈయనకి ఏ భాషలో చెప్పను? వేలు ఆకాశం వైపు చూపించాను. పెద్దాయన కాసేపు తల వంచుకున్నాడు. తర్వాత నా కప్పు మళ్లీ నింపాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

పెద్ద మసీదు దాటి ప్లాటో వైపు నడిచాను. వెడల్పాటి వీధులు, బ్యాంకులు, గేట్ల ముందు ఊడుస్తున్న కాపలావాళ్లు. ఇక్కడికే చిత్రంలో ఓ సూటు పెద్దమనిషి తన సామాను చేర్చమంటాడు. బళ్లను రానివ్వరంటే, నాకు పలుకుబడి ఉందిలే అంటాడు. తీరా పోలీసు రాగానే మాయం! జవాను చీటీ రాస్తాడు, బండి పోతుంది. కిందపడిన బండివాడి పతకం మీద జవాను బూటు... ఆ షాట్ ఒక్కటి చాలు, సెంబేన్ ఎంతటివాడో చెప్పడానికి. ఖాళీ చేతులతో ఇంటికొస్తే, భార్య బిడ్డను అతని చేతికిచ్చి, ఈ రాత్రికి తిండి ఉంటుందని చెప్పి గడప దాటుతుంది. ఎక్కడికో దర్శకుడు చెప్పడు. బిమల్ రాయ్ 'దో బిఘా జమీన్'లో రిక్షావాడికి కన్నీళ్లు కార్చిన నాకు, ఇక్కడ కన్నీళ్లు రాలేదు. కోపం వచ్చింది. బహుశా ఆయనకు కావలసిందీ అదే.

ఎనిమిదిన్నరకి వెనక్కి తిరిగాను. మెదీనా మొదట్లో బస్తాలేసుకుని ఓ గుర్రపు బండి ఎదురైంది! కుర్రాడు తోలుతున్నాడు. "నాంగా డెఫ్" అన్నాను. "మాంగీ ఫి" అన్నాడు. ఇక్కడే ఉన్నాను అని ఆ మాటకి అర్థం. ప్లాటో వైపు రాకుండా పక్క సందులోకి తిప్పుకుని వెళ్లిపోయాడు.

పసుపు, నలుపు రంగుల టాక్సీ ఒకటి ఆపి రేవుకి పోనిమ్మన్నాను. గోరీ దీవికి పడవ ఎక్కాలి. ఆ కబుర్లు మరోసారి.