మూడున్నర గంటల అమెరికా

పిల్లలూ, నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను, వినండి.

2016 జూన్ నెలలో నేను ఉద్యోగం పనిమీద ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లాను. తెనాలిలో ఉన్న మా అమ్మకు టిక్కెట్టు చదివి వినిపించాను. "తెల్లవారుజామున రెండున్నరకు విమానం బయలుదేరుతుంది. ఆ రోజే ఉదయం ఆరు గంటలకు అక్కడ దిగుతుంది" అన్నాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

అమ్మ వేళ్లు మడిచి లెక్క వేసుకున్నది. మూడున్నర గంటలు! తెనాలి నుంచి హైదరాబాదుకు రైల్లో పోయినా అంతకంటే ఎక్కువే పడుతుంది. అమెరికా ఇంత దగ్గరా అని సంతోషించింది.

ఆ రోజు ఆరయింది. ఫోను రాలేదు. ఎనిమిదయింది, పన్నెండయింది. చెడ్డమాట పైకి అనకూడదని అమ్మ ఎవరితోనూ చెప్పలేదు. అన్నం ముట్టకుండా ఫోను ముందే కూచున్నది. సాయంకాలం దీపాలు పెట్టే వేళకు నేను ఫోను చేశాను. "చేరావా నాయనా!" అంటూ ఏడ్చేసింది.

సంగతి తెలిసి ముందు నాకు నవ్వు వచ్చింది. పొద్దుటి నుంచీ ఆవిడ పస్తున్నదని విన్నాక ఆ నవ్వు ఎటో పోయింది.

ఇంటికి రాగానే ఒక బత్తాయి పండూ, అమ్మ పూలు కట్టే దారమూ తీసుకుని ఆవిడ ముందు కూచున్నాను. పండు మీద ఢిల్లీకి ఒక చుక్క, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఒక చుక్క పెట్టి దారం బిగించి లాగాను. దారం తూర్పుకూ పోలేదు, పడమరకూ పోలేదు. పైకి ఎక్కి, ఉత్తర ధ్రువం దగ్గరగా పోయి, అవతలికి దిగింది! అదే అన్నిటికన్న దగ్గర దారి. అయినా సుమారు 12,400 కిలోమీటర్లు.

"మరి ఆరింటికి ఎలా చేరావు?" అన్నది అమ్మ.

"ఎండాకాలంలో అక్కడి గడియారం మనకంటే పన్నెండున్నర గంటలు వెనక ఉంటుందమ్మా. అక్కడ ఉదయం ఆరయితే మనకు సాయంకాలం ఆరున్నర. నేను గాలిలో ఉన్నది పదహారు గంటలు."

ఆ అక్టోబరులో ఒక తమాషా జరిగింది. అంతవరకు అట్లాంటిక్ మీదుగా 13,900 కిలోమీటర్లు పోతున్న ఎయిర్ ఇండియా విమానాన్ని పసిఫిక్ మీదుగా తిప్పారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లోనే చేరింది! దారి పెరిగితే కాలం తగ్గటమేమిటి?

ఈసారి జవాబు అమ్మే చెప్పింది. ఆవిడ పుట్టిల్లు కృష్ణ ఒడ్డున ఒక లంక. "వాలుకు పోయే పడవ దూరమైనా తొందరగా పోతుంది. ఎదురుపోయేది దగ్గరయినా ఆలస్యమే" అన్నది. సరిగ్గా అంతే! సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జోరుగా గాలి వీస్తుంది. దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. తూర్పుకు పోయే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది. పడమరకు పోయేదానికి అడ్డు తగులుతుంది.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాను. అమ్మ టిక్కెట్టు చదవమనలేదు. "గడియారం మాట నా కెందుకు? గాలిలో ఎన్ని గంటలుంటావో అది చెప్పు" అన్నది.

చెప్పాను. క్యాలెండరు మీద పెన్సిలుతో రాసుకున్నది. నేను దిగి ఫోను చేస్తే మొదటి గంటకే ఎత్తింది.

"ఇప్పుడే వచ్చి కూచున్నాను నాయనా. అన్నం తిన్నాను" అన్నది.