అయిదున్నర శ్రుతిలో బేస్ గిటార్

కౌలాలంపూర్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఉగాది వేదికకు పాటల జాబితా ఖాయం కాగానే గాయని చెప్పే మొదటి ముక్క శ్రుతి గురించే. "నాకు అయిదున్నర" అంటుంది. కీబోర్డు దగ్గర కూర్చున్నతను ట్రాన్స్‌పోజ్ మీట నొక్కుతాడు. గిటార్ కుర్రాడు మెడకు కేపో బిగిస్తాడు. తబలా ఆయన సుత్తి తీస్తాడు. బేస్ గిటార్ పట్టుకున్నవాడికి అలాంటి దగ్గరిదారి లేదు. అయిదున్నర అంటే జీ షార్ప్. అతని నాలుగు తీగలు ఈ, ఏ, డీ, జీ. మన లెక్కలో మూడు, ఆరు, రెండు, అయిదు. అయిదున్నరలో షడ్జమం గాని, పంచమం గాని ఖాళీ తీగ మీద దొరకవు. పాట మొత్తం ఎడమచేతి వేళ్లకు విశ్రాంతి ఉండదు.

సరదాకి వాయించేవాళ్లు చాలామంది ఈ శ్రుతిని తప్పించుకోవాలని చూస్తారు. నిజానికి సాధన అయిదున్నరలోనే మొదలుపెట్టడం మంచిది. ఖాళీ తీగను మీటితే అది మోగుతూనే ఉంటుంది, ఆపడానికి మరో వేలు కావాలి. మెట్టు మీద నొక్కిన స్వరం వేలు కాస్త సడలించగానే ఆగుతుంది. స్వరం ఎంతసేపు నిలవాలో వాయించేవాడే నిర్ణయిస్తాడు. బేస్ వాయించడంలో సగం పని ఇదే. కిక్ డ్రమ్‌తో కలిసి స్వరం మొదలవడం అందరూ నేర్చుకుంటారు, కాని ఎక్కడ ఆగాలో నేర్చుకున్నవాళ్ల దగ్గరే పాట నడక కుదురుగా ఉంటుంది. పల్లవిలో ప్రతి స్వరాన్నీ సగం పొడవుకే కోసేసి, చరణంలో పూర్తిగా నిలబెట్టి చూడండి. ఒక్క స్వరం మార్చకుండానే పాట రెండు రంగుల్లో వినిపిస్తుంది.

రెండున్నర శ్రుతి ఇంకో చిక్కు. అది డీ షార్ప్. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం ఈ, అంటే 41 హెర్ట్జ్. కింది డీ షార్ప్ 39 హెర్ట్జ్ దగ్గర, ఒక్క అరస్వరం కిందికి జారి చేతికందకుండా ఉంటుంది. అప్పుడు పై స్థాయిలో, ఏ తీగ ఆరో మెట్టు మీద షడ్జమం పట్టుకోవాలి. లేదా తీగలన్నీ అరస్వరం దించుకోవాలి. 31 హెర్ట్జ్ దాకా దిగే అయిదు తీగల బేస్ కొనడానికి ఇదొక గట్టి కారణం. తీగల సంఖ్య గొప్పతనం కోసం కాదు, మన పాటల శ్రుతుల కోసం.

మలేషియాకు గిటార్ బృందాలు కొత్త కాదు. 1961లో క్లిఫ్ రిచర్డ్, షాడోస్ బృందం సింగపూర్ వచ్చి వాయించాక ఈ ప్రాంతమంతా కుర్రాళ్లు నలుగురేసి జట్టుకట్టారు. లీడ్, రిథమ్, బేస్, డ్రమ్స్. మలయ్‌లో ఆ జట్లను కుగిరాన్ అన్నారు, ఆ పాటలకు పాప్ యే యే అని పేరు. తర్వాతి కాలంలో పెనాంగ్ నుంచి వచ్చిన అల్లీక్యాట్స్ బృందంలో ముందు నిలిచి పాడిన లోగనాథన్, డేవిడ్ ఆర్ముగం అన్నదమ్ములు భారతీయ మూలాలవాళ్లే. మలయ్ పాటలతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు.

తెలుగువాళ్ల పాట మాత్రం వేరే దారిలో నడిచింది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి రబ్బరు, కొబ్బరి తోటల పనికి వచ్చిన కుటుంబాలు తోటల్లో రామ భజన నిలబెట్టుకున్నాయి. హార్మోనియం, మద్దెల, తాళాలు. 1955లో మలయా ఆంధ్ర సంఘం ఏర్పడింది, ఇప్పటి మలేషియా తెలుగు సంఘం అదే. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఇప్పుడు ఒకే జామింగ్ స్టూడియోలో, గంటకింత అని అద్దె కట్టి, ఆ తోటల కుటుంబాల మనవలూ, కంప్యూటర్ ఉద్యోగాలకు హైదరాబాద్ నుంచీ విశాఖ నుంచీ వచ్చినవాళ్లూ కలిసి వాయిస్తున్నారు. ఒకరి తెలుగులో మలయ్, తమిళం కలిసి ఉంటాయి, ఇంకొకరి తెలుగులో ఇంగ్లిష్. పాట ఎంచుకోవడంలో మాత్రం పేచీ రాదు. ఎందుకంటే అందరూ వచ్చి ఆగేది ఇళయరాజా దగ్గరే.

1989లో వచ్చిన 'గీతాంజలి' పాటలు తెలుగువాళ్లకు ఎంత దగ్గరో, తమిళంలోకి డబ్బింగ్ అయిన 'ఇదయత్తై తిరుడాదే' ద్వారా ఇక్కడి తమిళులకూ అంతే దగ్గర. జట్టులో తమిళ డ్రమ్మర్ ఉన్నా పాట మళ్లీ నేర్పక్కర్లేదు. ఈ పాటల్లో బేస్ ఊరికే షడ్జమం కొడుతూ కూర్చోదు. గొంతు ఆగిన చోట అది నడుస్తుంది, గొంతు పైకి వెళ్తుంటే అది కిందికి దిగుతుంది, తనకంటూ ఒక పాట పాడుకుంటుంది. దశాబ్దాలపాటు ఆ వరసలను వేళ్లతో పలికించిన శశిధరన్ పేరు సామాన్య శ్రోతలకు అంతగా తెలియకపోవడం ఈ రచయితకు నిజంగా బాధ కలిగించే విషయం. రెహమాన్ పాటల్లో ఏళ్ల తరబడి వినిపించిన కీత్ పీటర్స్ సంగతీ అంతే. ఈ ఇద్దరినీ వినకుండా అమెరికన్ వీడియోలు మాత్రమే చూసి బేస్ నేర్చుకుంటున్న తెలుగు కుర్రాళ్లు తమ ఇంటి పెరట్లో బావిని వదిలేసి నీళ్లకోసం ఊరవతలికి వెళ్తున్నారు.

ఆ వరసలు ఫోన్ స్పీకర్లో వింటే అందవు. అంత చిన్న స్పీకర్ అడుగు స్వరాలను పలకలేదు. పై అనుస్వరాలను బట్టి చెవే అసలు స్వరాన్ని ఊహించుకుంటుంది, కాని వరసలోని సన్నటి కదలికలు జారిపోతాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ముందు ఆ వరసను గొంతుతో సరిగమల్లో పాడి, తర్వాతే గిటార్ అందుకోవాలి. పాడగలిగింది వేళ్లకు త్వరగా వస్తుంది. ఇంకో జాగ్రత్త. పాట మోహనంలో ఉంటే అందులో మధ్యమం, నిషాదం ఉండవు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి నడిచే ఉత్సాహంలో బేస్ మధ్యమాన్ని తాకితే రాగం రూపు మారిపోతుంది. స్వరకర్త కావాలని అలా తాకించిన చోట్లు ఉంటాయి, అవి వేరు. మన సొంత తెలివితో కలిపేటప్పుడు రాగంలో ఉన్న స్వరాలతోనే నడవాలి.

ఇక వాయిద్యం. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. నిలువెత్తు డబుల్ బేస్‌కు మెట్లుండవు, స్వరం కచ్చితంగా పలకడం చెవిమీదా వేలిమీదా ఆధారపడి ఉంటుంది. ఫెండర్ మెట్లు పెట్టాడు, అందుకే ఆ పేరు. 1960లో జాజ్ బేస్ వచ్చింది. ఇప్పటికీ బజారులో దొరికే బేస్‌లలో ఎక్కువ భాగం ఈ రెండింటి సంతానమే, 34 అంగుళాల తీగ పొడవుతో సహా. స్క్వయర్, యమహా, ఐబనేజ్ కంపెనీల మధ్యరకం బేస్‌లు చాలావరకు మలక్కా జలసంధికి అవతల ఇండోనేషియాలో తయారవుతున్నాయి. సరదాకి వాయించేవాళ్లకు అవి హాయిగా సరిపోతాయి. వాటికి రెట్టింపు ధర పెట్టి ఇంకోటి కొనేముందు ఆ డబ్బులో కొంత మంచి సెటప్ చేసే మనిషికి, కొత్త తీగలకు ఇస్తే తేడా ఎక్కువగా వినిపిస్తుంది.

మలేషియాలో ఆ సెటప్ ఒక్కసారితో అయిపోదు. ఏడాది పొడుగునా గాలిలో తేమ 80 శాతం దగ్గర ఉంటుంది. ఇంట్లో ఏసీ గాలిని ఆరబెడుతుంది. గిటార్ ఈ రెండింటి మధ్య తిరుగుతుంటే మెడ కర్ర తేమ పీల్చుకుని, మళ్లీ వదిలి, వంపు మారుతుంది. నిన్న సాఫీగా ఉన్న తీగ ఈరోజు మెట్లకు తగిలి జరజరమంటుంది. మొదటి మెట్టునూ చివరి మెట్టునూ నొక్కిపట్టి, ఏడెనిమిది మెట్ల దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య సందు చూడాలి. మిల్లీమీటరులో మూడోవంతు ఉంటే బాగున్నట్టే, ఒక విజిటింగ్ కార్డు పట్టేంత. ఎక్కువ తక్కువలుంటే మెడలోని ట్రస్ రాడ్‌ను ఒకసారికి ఎనిమిదోవంతు చుట్టు మాత్రమే తిప్పి, మళ్లీ శ్రుతి చేసి చూడాలి. తొందరపడి బలంగా తిప్పితే మెడ పాడవుతుంది. కారు డిక్కీలో ఎండకు వదిలేయకూడదు. పెట్టెలో సిలికా జెల్ సంచులు పడేసి ఉంచాలి. చెమట చేతులతో వాయించాక పొడిగుడ్డతో తీగలు తుడవడం ఇక్కడ తప్పనిసరి, లేకపోతే తుప్పు త్వరగా పడుతుంది.

కరెంటు రొద గురించి చెప్పుకోవలసింది ఉంది. భారతదేశంలోలాగే మలేషియాలోనూ కరెంటు 50 హెర్ట్జ్. అమెరికాలో 60. ఎర్తింగ్ సరిగ్గా లేని హాల్లో ఆంప్ నుంచి వచ్చే గుయ్‌మనే శబ్దం ఈ 50 దగ్గర, దాని రెట్టింపు 100 దగ్గర ఉంటుంది. కింది జీ 49 హెర్ట్జ్, జీ షార్ప్ 52. అంటే ఆ రొద అయిదు శ్రుతికీ అయిదున్నరకూ నడుమ కూర్చుని, రెండింటితోనూ శ్రుతి కలవదు. జాజ్ బేస్‌లో రెండు పికప్‌ల వాల్యూమ్ నాబ్‌లూ సమానంగా పెడితే ఒకదాని రొదను ఇంకోటి కొట్టేస్తుంది. ఒక్క పికప్ మాత్రమే తెరిస్తే రొద తిరిగొస్తుంది. 1957 తర్వాతి ప్రెసిషన్‌లో పికప్‌ను రెండు ముక్కలు చేసి అమర్చడం వల్ల ఆ బాధ మొదటినుంచీ లేదు. ఆంప్ ఎర్త్ పిన్ తీసేసి రొద తగ్గించుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు. అది ప్రాణం మీదికి తెచ్చే పని.

తబలా పక్కన వాయించేటప్పుడు డగ్గా కూడా అడుగు స్వరమేనని గుర్తుంచుకోవాలి. రెండూ ఒకే చోట గుమిగూడితే హాల్లో వినిపించేది ముద్ద శబ్దమే. బేస్ నాబ్ పెంచడం అందరి చెయ్యీ ముందుగా చేసే పని, నిజానికి చాలాసార్లు తగ్గించాలి. 250 హెర్ట్జ్ దగ్గర కొంచెం కోసి, 700 నుంచి 1000 మధ్య కొంచెం ఎత్తితే స్వరం స్పష్టమవుతుంది, డగ్గాకూ చోటు దొరుకుతుంది. గదిలో ఒంటరిగా వింటే ఈ టోన్ కాస్త గరుకుగా తోస్తుంది. పాటలో కలిశాకే దాన్ని తూచాలి.

టోన్ ఎక్కువగా చేతిలోనే పుడుతుంది. మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు వేసి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. మరో అమెరికన్ బేసిస్టు కేరల్ కే పిక్‌తో మీటుతూ తీగల శబ్దాన్ని అణచి వాయించింది. ఇద్దరూ ఎన్నో పాటలకు వాయించారు. ఇళయరాజా ఎనభైల పాటలకు కొంత మెత్తటి, పొట్టి స్వరం నప్పుతుంది. ఫ్లాట్‌వౌండ్ తీగలు గాని, బ్రిడ్జి దగ్గర తీగల కింద చిన్న స్పాంజి ముక్క గాని పెట్టి చూడవచ్చు. మీటే చేతిని మెడవైపు జరిపితే గుండ్రటి నాదం, బ్రిడ్జి వైపు జరిపితే బిగువైన నాదం. పాట మధ్యలో ఇలా జరపడం ఏ పెడల్ కొన్నా రాని సౌకర్యం.

కౌలాలంపూర్ ఉన్న క్లాంగ్ లోయలో కాపురం ఎక్కువగా కాండోల్లో. 41 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు 8 మీటర్ల పైమాటే, గోడలు దాన్ని సరిగ్గా ఆపలేవు. పక్కింటివాళ్లకు పాట వినిపించకపోయినా బేస్ వినిపిస్తుంది. రాత్రిపూట సాధనకు చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ చాలు. ఈ రచయిత రోజూ చేసే సాధన ఒకటుంది. ఎడమ పాదంతో ఆది తాళం వేస్తూ, ఒకే స్వరాన్ని చూపుడు, మధ్య వేళ్లు మార్చి మార్చి, అక్షరానికి నాలుగు చొప్పున చతురశ్రంలో, తర్వాత మూడు చొప్పున తిశ్రంలో, ఆపై అయిదు చొప్పున ఖండంలో మీటడం. తిశ్రంలోనూ ఖండంలోనూ తాళం మీద పడే వేలు ప్రతి అక్షరానికీ మారిపోతుంది కాబట్టి రెండు వేళ్ల బలం సమానమవుతుంది. అది కుదిరాక అదే వరసను అయిదున్నరలో, మీటిన ప్రతి స్వరాన్నీ సగంలో ఆపుతూ మళ్లీ మొదటినుంచి వాయించాలి.