రజనీ గొంతు, మన గొంతు

మన హాస్టల్‌లో స్కిట్ల పిచ్చి పెరిగింది 'జబర్దస్త్' వల్లనే. ఈటీవీలో 2013లో మొదలైన ఈ కామెడీ షో కోసం గురువారం రాత్రి అన్నాలు కాగానే ఉన్న ఒక్క టీవీ ముందు అందరం చేరేవాళ్ళం. మొదట్లో నాగబాబు గారు, రోజా గారు జడ్జీలు. మేము డిగ్రీ చదివే రోజుల్లో నాగబాబు గారు ఖాళీ చేసిన కుర్చీలో గాయకుడు మనో గారు కనిపించారు. కామెడీ షోకి పాటలాయన ఎందుకా అనుకున్నాము. పగలబడి నవ్వడం, మధ్యలో పాట అందుకోవడం చూశాక అనుమానం తీరిపోయింది.

ఆయన అసలు పేరు నాగూర్ బాబు, ఊరు సత్తెనపల్లి. మనో అని పేరు మార్చింది ఇళయరాజా గారు. 1992లో వచ్చిన తమిళ హాస్యచిత్రం 'సింగారవేలన్'లో కమల్‌హాసన్‌తో కలిసి నటించారు కూడా. 'ముత్తు' (1995), 'నరసింహ' (1999), 'చంద్రముఖి' (2005) తెలుగులో చూసినప్పుడు మనం విన్న రజనీకాంత్ మాట ఈయనదే! ఇంటికి పోయి చెబితే మా నాయనలు నమ్మలేదు. "రజనీకి తెలుగు రాకుంటే అన్ని మాటలు ఎట్ల మాట్లాడతాడప్పా?" అన్నారు.

అప్పుడే మాకు ఒక సంగతి తట్టింది. మేము కూడా డబ్బింగే చెప్పుకుంటున్నాము. లేపాక్షి పల్లెల్లో మనది కన్నడం కలిసిన మాట. పీజీలో చేరిన కొత్తలో సెమినార్‌లో మాలో ఒకరు "సెప్పినాను" అనగానే క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత చాలా నెలలు మేము నోరు విప్పడమే తగ్గించాము. సినిమాల్లో, స్కిట్లలో కూడా మన సీమ మాట వేటకొడవలి పట్టుకునే వాడికో, నవ్వులపాలయ్యే వాడికో ఇస్తారు.

అందుకే పోయిన వార్షికోత్సవానికి పాత విద్యార్థులం కలిసి మన మాటలోనే స్కిట్ వేశాము.

"పీజీ అయిపోతే ఇంగ సదువు లేదు కదప్పా?" అంటాడు నాయన.

"ఉంది నాయనా, పీహెచ్‌డీ."

"అట్లయితే ఇంగో పదేండ్లు సెనిక్కాయలు పండల్ల!"

వెనక నిలబడిన నాయనలే అందరికంటే గట్టిగా నవ్వారు. ఆ నవ్వు మన యాస మీద కాదు. అప్పు చేసి విత్తనం వేసి, వాన కోసం మొగం పైకెత్తి చూసే వాళ్ళకు ఆ మాటలో తమ బతుకు కనిపించింది.

తమ్ముళ్ళారా, పరీక్షకు పుస్తకాల భాష రాయండి, ఇంటర్వ్యూకి ఇంగ్లీషు నేర్చుకోండి. ఇంకొకరి గొంతు పలకడం కూడా విద్యే, మనో గారు దానితో పేరు తెచ్చుకున్నారు. కానీ పాట పాడేటప్పుడు ఆయన తన గొంతుతోనే పాడారు. మీరు స్టేజీ ఎక్కిన రోజు మీ గొంతుతోనే మాట్లాడండి.